ఆకాశం అమ్ముడుపోలేదు, మార్కెట్ అమ్ముడుపోయింది: నా బొమ్మలతో జిగ్‌సా పజిల్స్ చేసి అమ్మిన లెక్క

2022 వేసవిలో 200 పజిల్ పెట్టెలు తెచ్చి మంచం కింద సర్దాను. డిసెంబర్ చివరికి వాటిలో 159 అక్కడే ఉన్నాయి. అమ్ముడైన 41లో పాతికదాకా బంధువులూ స్నేహితులే కొన్నారు. అంటే బయటివాళ్లు నిజంగా డబ్బు పెట్టి కొన్నవి పదహారు. ఆ రోజుల్లో నాకున్న టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అందులో పెట్టిన 62 వేలు నేను ఏడాదిపాటు పెయింటింగ్ క్లాసులు చెప్పి దాచుకున్నవి.

నేను విజయవాడలో ఉంటాను. గౌష్ అనే చిక్కటి నీటిరంగులతో బొమ్మలు వేస్తాను. గోడకు పెట్టుకునే ప్రింట్లు అంతకుముందే కొన్ని అమ్మాను. వాటిలో అందరూ ఎక్కువగా మెచ్చుకున్నది ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం: పైన సగం నారింజ రంగు ఆకాశం, కింద సగం కృష్ణ నీళ్లు, మధ్యలో సన్నగా బ్యారేజీ గేట్లు. ఇంత బాగా అమ్ముడైన ప్రింట్ పజిల్‌గా ఇంకా బాగా పోతుందనుకుని 500 ముక్కలు, 20×16 అంగుళాలు, ధర 999 పెట్టి దిగాను. ఇలా మొదలుపెట్టాలనుకునే వాళ్లు చాలామంది చేసే పొరపాటు ఇదే అని నా నమ్మకం, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఎక్కడ తప్పు జరిగిందో నాకు తెలిసింది మా నాన్న వల్ల. ఆయన రిటైరయ్యారు, ఓపికగల మనిషి, పాత రేడియో విప్పితే మళ్లీ బిగించేదాకా లేవరు. ఆయన హాల్లో బల్ల మీద ఈ పజిల్ పరిచారు. మొదటి రోజు అంచులు, గేట్లు కొంత అయ్యాయి. రెండో రోజు నీళ్లు మొదలుపెట్టారు. మూడో రోజు సాయంత్రం దాని మీద న్యూస్‌పేపర్ కప్పి పక్కకు పెట్టి, "అమ్మాయ్, ఏ ముక్క తీసినా నీళ్లేనమ్మా. ఇది ఎక్కడిదో అని ఆలోచించడానికి కూడా ఏమీ లేదు, ఒక్కోటీ పెట్టి చూడ్డమే" అన్నారు. గేట్ల దగ్గర ఇంకో ఇబ్బంది వచ్చింది. గేట్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి తప్పు ముక్క కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది, ఎప్పుడో ఇరవై ముక్కల తర్వాత బయటపడుతుంది, అప్పుడు పీకి మళ్లీ పెట్టాలి.

గోడ మీది బొమ్మను మనం దూరం నుంచి, మొత్తంగా, రెండు నిమిషాలు చూస్తాం. అక్కడ ఖాళీ ఆకాశం కంటికి హాయి. పజిల్ బొమ్మను అంగుళం ముక్కలుగా, చేతిలో పట్టుకుని, గంటలకొద్దీ చూస్తారు, అక్కడ అదే ఆకాశం శిక్ష. కష్టమైన ఆకాశాలు కావాలని వెతుక్కునే పజిల్ ప్రియులు ఉన్నారు, నాకూ ఇద్దరు ముగ్గురు తగిలారు. కానీ మన దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమందికి అది జీవితంలో మొదటి పెద్ద పజిల్. అది సగంలో ఆగిపోతే రెండోది కొనరు, పక్కింటివాళ్లకు చెప్పరు.

ఆ తర్వాత ఈ ఆట పుట్టుక గురించి చదివాను. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే మ్యాపులు చెక్కే ఆయన, మ్యాపును చెక్క మీద అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడు. అంటే ఆయన ముక్క ఒక్కోటీ ఒక దేశమే. చేతిలోకి తీసుకున్న ప్రతి ముక్కా ఫలానా అని చెప్పుకోగలిగేది. ఇది చదివాక నా బ్యారేజీ బొమ్మ బయటకు తీసి చూస్తే, 500 ముక్కల్లో అలా ఫలానా అని చెప్పుకోగలిగేవి నూట ఇరవై కూడా లేవు.

రెండో బొమ్మ పజిల్ కోసమే వేశాను. వన్ టౌన్‌లోని కాళేశ్వరరావు మార్కెట్. నాలుగు ఉదయాలు వెళ్లి స్కెచ్‌లు వేసుకున్నాను. అరటి గెలలు, ఎండుమిర్చి బస్తాలు, తక్కెడ, చేత్తో రాసిన ధరల పలకలు, గొడుగు కింద కూర్చున్న ఆకుకూరల అవ్వ, బస్తాల మీద నిద్రపోతున్న పిల్లి, నీలం టార్పాలిన్. స్కెచ్ పూర్తయ్యాక ఒక ఓహెచ్‌పీ షీట్ (కింద ఉన్నది కనిపించే ప్లాస్టిక్ షీట్) మీద మార్కర్‌తో 18 నిలువు, 14 అడ్డం గడులు గీసి, అంటే 252 గడులు, బొమ్మ మీద పెట్టాను. ఒక్కో గడిని విడిగా చూస్తూ, ఈ ముక్క ఒక్కటే చేతికొస్తే ఇది ఎక్కడిదో చెప్పగలనా అని నన్ను నేను ప్రశ్నించుకోవాలి. చెప్పలేని గడులకు ఎర్ర చుక్క. మొదటిసారి 70 చుక్కలు వచ్చాయి, టార్పాలిన్, నేల, వెనక గోడ. టార్పాలిన్ మీద అతుకులు వేశాను, నేల మీద రాలిన కరివేపాకు రెబ్బలు, నలిగిన టమాటాలు, నీళ్ల మడుగులో గొడుగు నీడ పెట్టాను, గోడ మీద చిరిగిన పోస్టర్లు అంటించాను. చుక్కలు పాతికకు వచ్చాయి. ఆ పాతిక కావాలనే వదిలాను, టార్పాలిన్ మధ్యలో ఒకచోట. అన్నీ సులువుగా ఉంటే చివర్లో పట్టు ఉండదు, కష్టమైన భాగం ఒక్కచోటే ఉంటే దాన్ని చివరికి ఉంచుకుని ఇంట్లో అందరూ కలిసి పూర్తి చేస్తారు.

అక్షరాలున్న ముక్కలు అందరికీ ఇష్టం. "పచ్చిమిర్చి కిలో" అన్న పలక నాలుగు ముక్కలుగా విడిపోతుంది, "మి" ఒక ముక్క మీద, "ర్చి" ఇంకోదాని మీద. తెలుగు చదవగలిగిన వాళ్లెవరైనా ముందు దాన్నే జతచేస్తారు. అమెరికాలో ఉన్న మా అక్క పిల్లలు పెద్దగా చదవలేరు, అయినా ఆ పలక కోసం అమ్మమ్మకు వీడియో కాల్ చేసి అక్షరాలు అడిగారు. నేను ఇప్పుడు ప్రతి బొమ్మలో కనీసం ఐదారు చోట్ల తెలుగు రాత ఉండేలా చూస్తాను.

ఇక తయారీ. మొదట్లో లేజర్ కటింగ్ ప్రయత్నించాను, 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక) మీద. ఒకటి రెండు కావాలంటే బాగుంటుంది, డై (ముక్కల్ని నొక్కి కోసే బ్లేడ్ల అచ్చు) ఖర్చు లేదు. కానీ 500 ముక్కలకు మెషిన్ 40 నిమిషాలు తీసుకుంది, నిమిషానికి 10 రూపాయల చొప్పున కోతకే 400. అంచులు నల్లబడి వాసన, చేతికి మసి. ముక్కకూ ముక్కకూ మధ్య లేజర్ తినేసిన సన్నని సందు వల్ల పట్టు వదులు. పెళ్లి ఫొటోల పజిల్స్ లాంటి ఒక్కో ఆర్డర్‌కు ఇది పనికొస్తుంది, వందల్లో అమ్మే వ్యాపారానికి కాదు.

వందల్లో కావాలంటే డై పంచింగ్. బొమ్మ ఆఫ్‌సెట్‌లో ప్రింట్ చేసి, మ్యాట్ లామినేషన్ వేసి, 2 మిల్లీమీటర్ల గ్రే బోర్డు, అంటే గట్టి అట్ట మీద పేస్ట్ చేసి, స్టీల్ బ్లేడ్లు బిగించిన డైతో నొక్కి కోస్తారు. మన ఊళ్లలో డైలు ఎక్కువగా పెట్టెలకీ పెళ్లి కార్డులకీ చేస్తారు, వాటిలో బ్లేడు కొంచెమే. పజిల్ డైలో షీటంతా బ్లేడే. మొదటి లాట్‌లో 500 ముక్కల డైని ఒకే దెబ్బలో నొక్కారు, మెషిన్ ఒత్తిడి సరిపోక అంచులు తెగాయి గానీ మధ్యలో ముక్కలు విడిపోలేదు. విడదీస్తుంటే పై కాగితం లేచిపోయింది. మూడోవంతు షీట్లు అలా పోయాయి, మళ్లీ ప్రింట్ చేయించి 200 పూర్తిచేశాం.

రెండోసారి ఇంకో ప్రెస్‌కు వెళ్లాను. అక్కడ పంచింగ్ చేసే పెద్దాయన పాత ముక్కల షీట్ చూసి, "మేడమ్, దీన్ని రెండు డైలు చేయించండి, అడ్డం గీతలకొకటి, నిలువు గీతలకొకటి. రెండుసార్లు కొడదాం" అన్నారు. ఒక్కోసారి బ్లేడు సగమే కాబట్టి ఒత్తిడి సరిపోతుంది. రెండు డైలకు కలిపి 16 వేలు. మధ్యలో తక్కువ తెగే చోట్ల డై వెనక సన్నని టేపు ముక్కలు అంటించి ఎత్తు సరిచేయడానికి ఆయన ఒక పూట తీసుకున్నారు, ఆ పూటే లాట్ మొత్తాన్ని కాపాడింది. పంచింగ్ రోజున ప్రెస్‌లో మీరు ఉండండి. ఫోన్‌లో చెప్పే పని కాదిది.

సైజు కూడా మార్చాను. 18×14 అంగుళాలు, 252 ముక్కలు, ఒక్కో ముక్క అంగుళం. ఈ సైజు ఎందుకంటే డబుల్ క్రౌన్ షీట్ 20×30, అందులో పక్కపక్కన రెండు బొమ్మలు అంచుల కోత పోగా సరిగ్గా పడతాయి, కాగితం వృథా దాదాపు లేదు. బొమ్మ వేయకముందే షీట్ సైజు అడిగి తెలుసుకోవడం అలవాటు చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

బోర్డు వంగిపోవడం ఇంకో సమస్య. ముందువైపు మాత్రమే కాగితం అంటిస్తే ఆరేకొద్దీ అది లాగి షీట్ గిన్నెలా వంగుతుంది, వానాకాలంలో మరీ. వెనక కూడా కాగితం అంటిస్తే రెండు వైపులా లాగుడు సమానమై నిలబడుతుంది. కాగితం ఎలాగూ వేస్తున్నాం కదా అని దాని మీద లేత రంగులో ముగ్గు వేశాను, నాలుగు మూలలకు నాలుగు రకాల ముగ్గులు. మొదటిసారి ఆడేవాళ్లు వెనక్కి తిప్పి ముక్కల్ని నాలుగు గుట్టలు చేసుకోవచ్చు, సులువు వద్దనుకునేవాళ్లు వెనక్కి చూడకుండా ఆడతారు. ఒక్కో బొమ్మకు వెనక కాగితం రంగు వేరు. అన్ని బొమ్మలకూ అవే డైలు వాడుతున్నాం కాబట్టి, రెండు పెట్టెల ముక్కలు కలిసిపోతే విడదీయడానికి ఆ రంగే దారి. పేస్టింగ్ అయ్యాక కనీసం ఒక రోజు బరువు కింద ఆరనివ్వాలి. తడి ఆరకముందు పంచింగ్ చేస్తే బ్లేడు కోయదు, నలుపుతుంది.

రంగుల మాట ఒకటి. స్క్రీన్ మీద వెలిగే చిలకపచ్చ, నెమలి నీలం ఆఫ్‌సెట్ నాలుగు రంగుల్లో చల్లబడిపోతాయి. ప్రూఫ్, అంటే నమూనా ప్రింట్ తీయించి అసలు బొమ్మ పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి.

లెక్క చెబుతాను, ఇవి మార్కెట్ పజిల్ మొదటి లాట్ అంకెలు. 500 సెట్లకు ఒక్కోదానికి ప్రింటింగ్, లామినేషన్ 24, బోర్డు, పేస్టింగ్ 32, పంచింగ్ 18, పెట్టె 46, సంచీ, లోపలి చిన్న పోస్టర్ 9. మొత్తం 129. పెట్టె ఖర్చే అన్నిటికన్నా ఎక్కువని గమనించండి. డైలు కలిపితే 80,500. పాడైనవి పోగా మంచివి 470 వచ్చాయి, పది నా దగ్గర ఉంచుకున్నాను, అమ్మకానికి 460. అంటే ఒక్కోటి 175 పడింది. ధర 649. నేరుగా నా దగ్గర కొంటే అప్పటి జీఎస్టీ, కొరియర్, పేమెంట్ చార్జీ పోను దాదాపు 320 మిగిలేది. షాపుకిస్తే వాళ్లు 40 శాతం తీసుకుంటారు, నాకు మిగిలేది 170 చిల్లర. ఇందులో నేను బొమ్మ వేసిన ఐదు వారాల కూలి లేదు. కొత్త బొమ్మ లాట్‌కు డై ఖర్చు ఉండదు కాబట్టి అప్పుడు ఆ కూలి కొంత వస్తుంది. ఒక్క బొమ్మతో ఆగిపోతే ఈ వ్యాపారం నిలబడదు, మూడు నాలుగు బొమ్మలు అవే డైల మీద తిరగాలి.

కొరియర్ వాళ్లు అసలు బరువు, పెట్టె కొలత బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే ఆ కొలత బరువు కిలోల్లో వస్తుంది. నా మొదటి పజిల్ పైపెట్టెతో 32×24×7, అంటే 1.07 కిలోలు, అసలు బరువు మాత్రం 600 గ్రాములు. కిలో దాటినందుకు కిలోన్నర స్లాబ్ కట్టాను, ప్రతి పార్సిల్‌కీ. ఇప్పటి పెట్టె పైదానితో సహా 24×18×5.5, 475 గ్రాములు, అరకిలో స్లాబ్‌లో పడుతుంది. షెల్ఫ్ మీద పెద్దగా కనిపించాలని పెట్టె పెంచమని షాపువాళ్లు అడిగారు, నేను పెంచలేదు.

ఇక ముక్క తప్పిపోయిందన్న ఫోన్లు. ఈ వ్యాపారంలో నమ్మకమంతా ఇక్కడే ఉంది. 251 ముక్కలు పెట్టాక ఒక రంధ్రం మిగిలితే ఆ మనిషికి కలిగే బాధ నాకు తెలుసు, నేనూ అలా ఒకసారి బాధపడ్డాను. తూకం వేసి పట్టుకుందామని మొదట అనుకున్నాను, చిన్న త్రాసు కూడా కొన్నాను. పనికిరాలేదు. ఒక్కో ముక్క ఒక గ్రాము కూడా లేదు, షీటుకూ షీటుకూ బోర్డు బరువే ఐదారు గ్రాముల తేడా. అందుకని ఇప్పుడు షీట్‌ను పంచింగ్ తర్వాత విడదీయకుండా అలాగే తెచ్చుకుంటాం. నేనూ, నాతో పనిచేసే ఆవిడా ఒక్కో షీట్‌ను గాజు బల్ల మీద కింద లైటు వేసి చూస్తాం. ముక్క ఊడిపోయి ఉంటే వెలుతురు పడుతుంది. అప్పుడే ఆ బల్ల మీదే విరిచి నేరుగా సంచీలోకి పోస్తాం. గంటకు నలభై అవుతాయి.

పక్కన ఉంచుకున్న ఆ పది సెట్లు కూడా ఇందుకే. ఎవరైనా ముక్క లేదంటే రంధ్రం ఫొటో పంపమంటాను, ఉంచిన సెట్ నుంచి ఆ ముక్క తీసి కవర్లో పోస్ట్ చేస్తాను, ప్రశ్నలేమీ అడగను. రెండుసార్లు కొట్టడం వల్ల ఒక్కో షీట్‌లో గీతలు వెంట్రుకవాసి జరుగుతాయి, ఇంకో సెట్ ముక్క అచ్చుగుద్దినట్టు సరిపోకపోవచ్చు, ఆ మాట ముందే చెప్పి పంపుతాను. మొదటి 460లో 11 మంది అడిగారు. వాళ్లలో ఏడుగురు తర్వాత మెసేజ్ పెట్టారు, సోఫా కింద దొరికిందనో, పిల్లాడి జేబులో దొరికిందనో. ఆ పదకొండు మందిలో ఆరుగురు రెండో పజిల్ కొన్నారు.

చట్టం సంగతులు తప్పించుకోలేనివి. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) సర్టిఫికేషన్, ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఆ ఉత్తర్వులో పిల్లల కోసమే కాకపోయినా, వాళ్లూ ఆడుకునేలా తయారైనవి కూడా వస్తాయి, కాబట్టి పెట్టె మీద "14 పైబడినవారికి" అని వేస్తే సరిపోతుందని నిశ్చింతగా ఉండకండి. నేను బొమ్మ, పెట్టె, రాత, అమ్మే చోటు అన్నీ పెద్దవాళ్లకే అన్నట్టు ఉంచాను, బొమ్మల షాపులకు ఇవ్వను, ఈ విషయం తెలిసిన కన్సల్టెంట్‌తో మాట్లాడాకే లాట్ వేశాను. అ ఆ ఇ ఈ పజిల్ చేయమని అడగని మనిషి లేడు, అది పరీక్షలూ లైసెన్సూ అయ్యాకే చేస్తాను.

జీఎస్టీకి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్లకు 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలు. కానీ ఇలాంటి సరుకు వేరే రాష్ట్రానికి ఒక్కటి అమ్మినా రిజిస్ట్రేషన్ కావాలి. నాకు హైదరాబాద్, బెంగళూరు నుంచే ఎక్కువ ఆర్డర్లు, అందుకే మొదట్లోనే తీసుకున్నాను. పన్ను 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమైంది, ఆ తేడా కొంచెం ఊపిరి పోసింది. పెట్టె మీద ఎంఆర్‌పీ, తయారీ నెల, చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబర్ ఉండాలి. అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపు తీసేశాక అక్కడికి విడిగా పంపడం ఆపాను, ఇక్కడికి వచ్చినవాళ్లు సూట్‌కేసులో తీసుకెళ్తున్నారు.

బొమ్మలు వేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఒకాయన ఆర్డర్ మీద వాళ్ల ఊరి తీర్థం (జాతర) బొమ్మ వేసిచ్చాను, అది పజిల్‌కు అద్భుతంగా ఉంటుంది. కానీ 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. నా చేత్తో వేసిన బొమ్మను నేను పజిల్ చేయలేనని తెలిసినప్పుడు చాలా బాధేసింది. ఇప్పుడు ఆర్డర్ తీసుకునేటప్పుడే కాపీరైట్ నాది అని ఒక వాక్యం రాసి ఇద్దరం సంతకాలు చేస్తాం.

అమ్మకం ఎలా జరిగిందంటే, 2024 జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలిసిన ప్రచురణకర్త తన స్టాల్‌లో సగం బల్ల ఇచ్చారు. పెట్టెలు పేర్చి పెడితే మొదటి రోజు నాలుగు పోయాయి. రెండో రోజు ఒక పజిల్ విప్పి, సగం చేసి బల్ల మీద వదిలేశాను, పక్కన రెండు స్టూళ్లు. జనం ఆగారు. ఒకావిడ పిల్లి ముక్కలు వెతుకుతూ ముప్పావుగంట కూర్చున్నారు, వెనకే నిలబడ్డ ఆవిడ భర్త "ఆ గొడుగు ముక్క నీ మోచేతి దగ్గరుంది చూడు" అంటూ కూర్చుండిపోయారు. ఆ రోజు 31 అమ్ముడయ్యాయి. మార్కెట్ పజిల్ ఆ ఏడాది మేలో అయిపోయింది, మళ్లీ వేశాను. తర్వాతది కొండపల్లి బొమ్మల అర, అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, వరసగా అరల నిండా. బొమ్మలు నేను కొన్న కొండపల్లి కుటుంబాన్ని అడిగి వేశాను, పెట్టెకు 20 రూపాయలు వాళ్లకు ఇస్తున్నాను, పెట్టె లోపలి పోస్టర్‌లో ఏ బొమ్మ ఏమిటో వాళ్లే చెప్పి రాయించారు.

మంచం కింది బ్యారేజీ పెట్టెల్లో ఇప్పటికి 112 ఉన్నాయి. "చాలా కష్టం" అని పెద్దగా స్టిక్కర్ వేసి, కష్టమైనవి కావాలని అడిగే వాళ్లకు మాత్రం అమ్ముతున్నాను. అదే బ్యారేజీని ఇప్పుడు మళ్లీ వేస్తున్నాను, ఈసారి పుష్కరాల రోజు ఉదయం, ఘాట్ మెట్ల నిండా జనం, తడిబట్టలు, ఇత్తడి చెంబులు, పంతుళ్ల గొడుగులు, పూల బుట్టలు. ఆకాశం పైన రెండు వేళ్ల మందమే. నిన్న గడుల షీట్ పెట్టి చూస్తే 41 చుక్కలు వచ్చాయి, ఎక్కువ నీళ్లలోనే. ఇవాళ ఆ నీళ్లలో దీపాల దొన్నెలు వదులుతున్నాను.